థీమ్ పార్కులో లైను దాటించే పాసు: శ్రీకాకుళం నుంచి వెళ్ళిన మా ఏడుగురి అనుభవం

మొన్న మే నెలలో ఒక శనివారం నాడు మా రెండు కుటుంబాలవాళ్ళం ఏడుగురం కలిసి, ఒక మహానగరం పొలిమేరలో ఉన్న పెద్ద థీమ్ పార్కుకు వెళ్ళాము. మేము శ్రీకాకుళంలో ఉంటాము కనుక ముందురోజు ఆముదాలవలసలో రైలెక్కాము. మా అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరూ విజయనగరంలో అదే పెట్టెలోకి వచ్చి చేరారు. పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను రాయదలచినది ఆ ఒక్క పార్కు గురించి కాదు. ప్రవేశ టికెట్టు కొన్న తరువాత మళ్ళీ కొంత డబ్బు కడితే వరుసలో నిలబడే పని లేకుండా ముందుకు పంపిస్తామని చెప్పి అమ్మే పాసు గురించి. ఒక్కొక్క చోట దీనికి ఒక్కొక్క పేరు ఉంటుంది, పని మాత్రం అన్ని చోట్లా ఒకటే. నేను దీన్ని పాసు అనే పిలుస్తాను. పార్కు కంటే ఈ పాసుకే ప్రత్యేకంగా సమీక్ష రాయవలసిన అవసరం ఉందని ఆ రోజు సాయంత్రం గేటు బయటకు వచ్చేసరికే నాకు అనిపించింది. ఏడాదికొకసారి పిల్లల కోసం డబ్బు కూడబెట్టుకొని ఇంత దూరం వెళ్ళే మనలాంటి కుటుంబాలకు, దేనికి ఎంత కడుతున్నామో, కట్టినదానికి ఏమి వస్తుందో ముందే తెలిసి ఉండాలి.

ముందుగా ఖర్చు సంగతి చెబుతాను. పెద్దల ప్రవేశ టికెట్టు 1,300 రూపాయలు, 140 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు 1,050 రూపాయలు. మాలో మా మేనల్లుడికి ఒక్కడికే పిల్లల టికెట్టు వర్తించింది. మిగతా ఆరుగురికీ పెద్దల టికెట్టే పడింది కనుక ప్రవేశానికే 8,850 రూపాయలు అయ్యాయి. పాసు ధర మనిషికి 1,200 రూపాయలు, పిల్లలకూ అంతే, రాయితీ లేదు. ఏడుగురికీ కొంటే 8,400 రూపాయలు, అంటే దాదాపు లోపలికి రావడానికి కట్టినంత డబ్బు లోపల నడవడానికి మళ్ళీ కట్టాలి. అందుకని పెద్దలు మామూలు వరుసలో నిలబడడం, ముగ్గురు పిల్లలకూ, వాళ్ళ వెంట తిరగడానికి నాకూ కలిపి నాలుగు పాసులు కొనడం అని నిర్ణయించుకున్నాము. ఆ నాలుగింటికి 4,800 రూపాయలు కట్టాము.

నిజానికి పాసు కొనాలనే ఆలోచన ఇంట్లో బయలుదేరినప్పుడు లేదు. ప్రవేశ టికెట్లు నేను ఇంటి దగ్గరే ఫోనులో తీసుకున్నాను. ఏడు టికెట్లు ఎంచుకొని డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి, నేను అడగకుండానే ఏడు పాసులు కూడా లెక్కలో కలిసి ఉన్నాయి. వాటి పక్కనున్న టిక్కును ఒక్కొక్కటిగా తీసివేయవలసి వచ్చింది. తీసివేస్తున్నంతసేపూ, ఆ రోజుకు ఇంకా తొమ్మిది పాసులే మిగిలి ఉన్నాయని ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక కనిపిస్తూనే ఉంది. తీరా పార్కుకు వెళ్ళి చూస్తే, మధ్యాహ్నం రెండు గంటల దాకా కౌంటర్లో అడిగినవాళ్ళకు అడిగినన్ని పాసులు ఇస్తూనే ఉన్నారు. కొనేవాడిని ఇలా తొందరపెట్టడాన్నీ, అడగని వస్తువును బుట్టలో చొప్పించడాన్నీ మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు స్పష్టంగా నిషేధించాయి. అందులో పేర్కొన్న 13 రకాల మోసపు పద్ధతుల్లో ఈ రెండూ ఉన్నాయి. చివర్లో ధర పెంచి చూపించడం కూడా ఆ జాబితాలోనిదే. టికెట్టు తీసుకొనే ప్రతి ఒక్కరూ డబ్బు కట్టే ముందు ఆ చివరి పేజీని ఒకసారి నిదానంగా చదవాలని నా మనవి.

పదిన్నరకు గేటు దాటి లోపలికి వెళ్ళేసరికే జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్ద రోలర్ కోస్టర్ ముందు వరుస నాలుగు మలుపులు తిరిగి బయటి చెట్ల దాకా వచ్చింది. రాత్రంతా రైల్లో సరిగా నిద్రపోని పిల్లల ముఖాలు చూసి, ఇంత దూరం వచ్చి వీళ్ళను ఎండలో నిలబెట్టడం ఎందుకనుకొని పాసుల కౌంటర్ దగ్గరకు వెళ్ళాను. పాసు అమ్ముడుపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. వరుస ఎంత పొడుగ్గా కనిపిస్తే పాసు అంత అవసరంగా కనిపిస్తుంది. ఆ వరుస ఎందుకంత పొడుగ్గా ఉందో మాత్రం అప్పుడు ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు.

మొదటి పొరపాటు ఆ కౌంటర్లోనే జరిగింది. మా మేనల్లుడి వయసు తొమ్మిదేళ్ళు, ఎత్తు 131 సెంటీమీటర్లు. గేటు దగ్గర గోడకు గీసిన కొలత పక్కన వాడిని నిలబెట్టి, కొలిచి, పిల్లల టికెట్టని తెలిసేలా చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టారు. పాసు అమ్మిన ఉద్యోగి అదే చేతికి, ఆ ఆకుపచ్చ పట్టీ పక్కనే, పసుపు రంగు పాసు పట్టీ బిగించి 1,200 రూపాయలు తీసుకున్నాడు. పాసు వర్తించే రైడ్లు ఎనిమిది. వాటిలో మూడింటికి కనీసం 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రోలర్ కోస్టర్ మెట్ల దగ్గర కాపలా ఉన్న అమ్మాయి చెప్పేదాకా ఈ సంగతి మాకు తెలియదు. ఎత్తు నిబంధన పిల్లల ప్రాణాలు కాపాడేది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ అమ్మాయి వాడిని బుజ్జగించి ఎంతో మర్యాదగా వెనక్కి పంపింది. ఆకుపచ్చ పట్టీ కళ్ళ ముందు కనిపిస్తుండగా, ఈ బాబు మూడు రైడ్లు ఎక్కలేడన్న ఒక్క మాట కౌంటర్లో చెప్పి ఉండవచ్చు కదా అన్నదే నా బాధ. వాడు ఎక్కలేని మూడింటి డబ్బు కూడా మేము కట్టాము. పైగా మిగతా ఇద్దరు పిల్లలూ కోస్టర్ ఎక్కి వచ్చేదాకా వాడు రెయిలింగు పట్టుకొని కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు.

ఇక పాసుల వరుస సంగతి. డబ్బు కట్టినవాళ్ళకు వేరే దారి ఉంటుంది కాని, ఆ దారిలో నేరుగా రైడ్ దగ్గరకు నడిచి వెళ్ళిపోవచ్చునని అనుకోకూడదు. కోస్టర్ పాసు వరుసలోనే మేము 35 నిమిషాలు నిలబడ్డాము. పడవ రైడ్ దగ్గర 20 నిమిషాలు పట్టింది. ఒక్కొక్క రైడ్‌కు పాసు ఒక్కసారే పనికి వస్తుంది. రెండోసారి ఎక్కాలంటే మామూలు వరుసలోకే వెళ్ళాలి. మధ్యాహ్నం ఒకటిన్నరకు, ఎనిమిదింటిలో ఒకటైన పెద్ద ఊయల రైడ్‌ను మరమ్మతు కోసం ఆపి, మూసేవేళ దాకా మళ్ళీ తెరవలేదు. యంత్రం అన్న తరువాత ఆగవచ్చు, అనుమానం వచ్చినప్పుడు ఆపడమే మంచిది. అయితే దానికి డబ్బు కట్టినవారికి ఏమి చేస్తారని అడిగితే, కౌంటర్లోని ఉద్యోగి మా పాసు కాగితాన్ని తిరగేసి, వెనుక చివరి వరుసలో ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఏ కారణం చేత రైడ్ ఆగినా డబ్బు తిరిగి ఇవ్వబడదు అని అక్కడ రాసి ఉంది. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, మా బావ కళ్ళజోడు తీసి కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకొని చదవవలసి వచ్చింది.

ఇవన్నీ డబ్బు కట్టినవాళ్ళ కష్టాలు. అంతకంటే పెద్దది, కట్టనివాళ్ళ కష్టం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

మేము కోస్టర్ దిగిన తరువాత పిల్లలను నీడలో కూర్చోబెట్టి, మామూలు వరుసలో ఉన్న మా బావ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. నేను నిలబడ్డ చోటి నుంచి రెండు వరుసలూ కలిసే గేటు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఉద్యోగి అక్కడ గొలుసు పట్టుకొని నిలబడి, ఈ వైపు నుంచి కొందరినీ ఆ వైపు నుంచి కొందరినీ లోపలికి వదులుతున్నాడు. ఊరికే నిలబడడం ఎందుకని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కోస్టర్ రైలుకు 20 సీట్లు. అది పదిసార్లు తిరిగి రావడానికి 42 నిమిషాలు పట్టింది. ఆ 200 సీట్లలో 118 పాసు వరుసకు వెళ్ళాయి, 82 మామూలు వరుసకు వెళ్ళాయి. పాసు వరుసలో ఏ సమయంలో చూసినా మామూలు వరుసలో సగం మంది కూడా లేరు, కాని సగానికి పైగా సీట్లు వాళ్ళవే.

ఈ అంకెలను కాస్త దగ్గరగా చూడాలి. 42 నిమిషాలకు 200 మంది అంటే ఆ కోస్టర్ గంటకు సుమారు 285 మందిని ఎక్కించగలదు. బావ వరుసలో చేరినప్పుడు అక్కడి బోర్డు మీద నిరీక్షణ సమయం 45 నిమిషాలని ఉంది. గంటకు 285 మంది లెక్కన 45 నిమిషాలంటే ఆయన ముందు సుమారు 215 మంది ఉన్నారన్నమాట. కాని మామూలు వరుసకు దక్కుతున్నది 42 నిమిషాలకు 82 సీట్లు, అంటే గంటకు 117. ఆ 215 మందీ గంటకు 117 మంది చొప్పున కదిలితే పట్టేది ఒక గంటా యాభై నిమిషాలు. మా బావ సరిగ్గా అంతసేపే నిలబడ్డాడు. బోర్డు మీద రాసిన 45 నిమిషాలు, పాసులు లేనేలేకపోతే పట్టే సమయం. పాసులు అమ్మిన తరువాత కూడా ఆ బోర్డును మార్చకుండా ఉంచడం, మామూలు టికెట్టు కొన్నవాడికి తప్పుడు మాట చెప్పడమే. ఒక గంటా యాభై నిమిషాలని ముందే రాసి ఉంటే, మోకాళ్ళ నొప్పి ఉన్న మా బావ ఆ వరుసలో చేరేవాడే కాదు.

పాసు కొత్త సీటును సృష్టించదు. కోస్టర్‌కు ఉన్నవి 20 సీట్లే, అది తిరిగే వేగం అదే. నేను 1,200 రూపాయలు కట్టి ఆదా చేసుకున్నానని అనుకున్న సమయం యంత్రం నుంచి వచ్చింది కాదు. మామూలు వరుసలో నిలబడ్డ మనుషుల దగ్గర నుంచి తీసి నాకు ఇచ్చింది. ఆ మనుషుల్లో మా ఇంటివాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు కూడా తలా 1,300 రూపాయలు కట్టి లోపలికి వచ్చినవాళ్ళే. ప్రవేశ టికెట్టు అమ్మినప్పుడు పార్కు వాళ్ళకు ఏ సీట్లయితే చూపించిందో, ఆ సీట్లనే మళ్ళీ నాకు అమ్మింది.

ఈ సంగతిని నాకంటే ముందు మా మేనల్లుడు గుర్తించాడు. పడవ రైడ్‌కు మా అక్క, మా ఆవిడ ముందే వెళ్ళి వరుసలో నిలబడ్డారు. మేము ముప్పావుగంట తరువాత వెళ్ళి పాసు దారిలో చేరాము. రెండు దారుల మధ్య నడుము ఎత్తు ఇనుప కమ్మీ ఒక్కటే అడ్డం. మేము ముందుకు కదులుతుండగా అవతలి వైపు మా అక్క కనిపించింది; చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఖాళీ అయిన నీళ్ళ సీసాతో విసురుకుంటోంది. వాడు ఆగిపోయి నా చెయ్యి పట్టుకొని, "మావయ్యా, అమ్మ మనకంటే ముందొచ్చి నిలబడింది కదేటి, మనమెందుకు ముందెల్లిపోతన్నాం?" అన్నాడు. మా అక్క నవ్వి, "ఎల్లరా నాన్నా, ఎల్లి కూకో, నేనొస్తాను" అంది. వాడు వెళ్ళి పడవలో కూర్చున్నాడు కాని, నీళ్ళు ఎగిరి మీద పడుతున్నా వెనక్కి తిరిగి వరుస వైపే చూస్తూ ఉన్నాడు. అక్కా వాళ్ళ వంతు వచ్చేసరికి మేము మరో రైడ్ దగ్గర ఉన్నాము. ఏడుగురం కలిసి వెళ్ళాము కాని, ఆ రోజు ఏడుగురం కలిసి ఎక్కిన రైడ్ ఒక్కటి కూడా లేదు.

వరుస పొడుగ్గా ఉంటే పాసులు ఎక్కువ అమ్ముడవుతాయి, పాసులు ఎక్కువ అమ్మితే మామూలు వరుస మరింత పొడుగవుతుంది. దీన్ని తెంచే మార్గం పార్కు చేతిలోనే ఉంది, కాని తెంచితే ఆదాయం తగ్గుతుంది. కోస్టర్ పట్టాల పక్కన ఉన్న షెడ్డులో రెండో రైలు టార్పాలిన్ కప్పి నిలిపి ఉంది. ఎందుకని అడిగితే, రద్దీ రోజుల్లో రెండూ నడుపుతామనీ, ఆ రోజు సిబ్బంది చాలలేదనీ గేటు దగ్గరి ఉద్యోగి చెప్పాడు. పెద్ద కోస్టర్ల పట్టాలను భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒక రైలు ఉన్నంతసేపూ మరో రైలు అందులోకి రాకుండా కంప్యూటరే ఆపేలా కడతారు. ఒకే పట్టా మీద రెండు రైళ్ళు ప్రమాదం లేకుండా తిరిగేది అందువల్లే. ఒక రైలు పట్టా మీద ఉండగా రెండోదాంట్లో జనాన్ని ఎక్కించవచ్చు కనుక గంటకు ఎక్కేవాళ్ళ సంఖ్య బాగా పెరుగుతుంది. మే నెల శనివారం కంటే రద్దీ రోజు మరొకటి ఏముంటుంది? పాసులు అమ్మడానికి ఆ రోజు మూడు కౌంటర్లు తెరిచారు, మూడింటిలోనూ మనుషులున్నారు. అందులో ఇద్దరిని రెండో రైలు దగ్గర నిలబెట్టి ఉంటే పాసు కొన్నవాళ్ళకూ కొననివాళ్ళకూ మేలు జరిగేది.

ఈ పద్ధతి మన దేశంలో పుట్టింది కాదు. అమెరికాలో డిస్నీ సంస్థ 1999లో ఫాస్ట్‌పాస్ అనే ఏర్పాటును తెచ్చినప్పుడు దానికి వేరే రుసుము లేదు. ప్రవేశ టికెట్టును యంత్రంలో పెడితే, ఫలానా గంటకు తిరిగి రమ్మని ఒక చీటీ వచ్చేది. ఆ సమయం దాకా వేరే చోట తిరిగి వచ్చి, చిన్న వరుసలోంచి లోపలికి వెళ్ళేవాళ్ళు. దానివల్ల కూడా మామూలు వరుస పెరిగేది కాని, కనీసం ఆ చీటీ తీసుకొనే హక్కు టికెట్టు కొన్న ప్రతివాడికీ సమానంగా ఉండేది. కరోనా కాలంలో ఆగిపోయిన ఆ ఏర్పాటు మళ్ళీ ఉచితంగా తిరిగి రాలేదు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కుల్లో 2021 అక్టోబరు నుంచి రోజుకు మనిషికి 15 డాలర్ల రుసుముతో కొత్త సేవ మొదలైంది. మరుసటి ఏడాది నుంచి రద్దీని బట్టి ధర మారడం మొదలై, 2023 డిసెంబరు చివరి వారంలో 39 డాలర్ల దాకా వెళ్ళింది. 2024 అక్టోబరులో అంతకంటే పై మెట్టుగా, ముందే సమయం ఎంచుకొనే పని లేకుండా ఎప్పుడైనా వెళ్ళగలిగే పాసును రోజును బట్టి, పార్కును బట్టి 129 నుంచి 449 డాలర్ల ధరకు ప్రవేశపెట్టారు. అంటే పాతికేళ్ళలో ఉచితంగా ఉన్నది రుసుముగా మారి, ఆ రుసుము కట్టినవాళ్ళను కూడా దాటించి పోయే మరో రుసుము వచ్చింది. మన పార్కులు ఇప్పుడు ఆ దారిలో మొదటి మజిలీలో ఉన్నాయి. కొనేవాళ్ళం ఇప్పుడే మాట్లాడకపోతే తరువాతి మజిలీలు కూడా మన దాకా వస్తాయి.

దీని గురించి మాట్లాడినప్పుడు మా స్నేహితుడొకరు, తిరుమలలో 300 రూపాయల దర్శనం లేదా, అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పవుతుందని అడిగారు. దేవుడి దర్శనాన్నీ వినోదాన్నీ ఒకచోట పెట్టడం నాకు ఇష్టం లేకపోయినా, ఏర్పాటు వరకు పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి 300 రూపాయల టికెట్టు మీద తేదీ, సమయం ముద్రించి ఉంటాయి. ఏ సమయానికి ఎన్ని టికెట్లో ముందే నిర్ణయించి, అవి అయిపోతే అమ్మకం ఆపేస్తారు. డబ్బు కట్టకుండా సర్వదర్శనానికి వెళ్ళేవాళ్ళకు కూడా తిరుపతిలో సమయం వేసిన టోకెన్లు ఉచితంగా ఇస్తారు. రద్దీ రోజుల్లో అక్కడా గంటలు గంటలు పడుతుంది, కాదనను. అయితే ఉచితంగా వచ్చినవాడికి కూడా ఒక సమయం చెప్పాలన్న ఆలోచన ఆ ఏర్పాటులో ఉంది. నేను వెళ్ళిన పార్కులో పాసుకు సమయం లేదు, సంఖ్యకు హద్దు లేదు, మామూలు వరుసలో ఉన్నవాడికి నిజమైన సమాచారం లేదు. ఈ మూడూ ఉంటే, నాకు ఇష్టం ఉన్నా లేకపోయినా, పాసు అమ్మడాన్ని నేను తప్పు పట్టేవాడిని కాదు.

విజయనగరం అయోధ్య మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా మా బావ పిల్లలను తీసుకువెళ్తాడు. అక్కడ జెయింట్ వీల్‌కు ఒకటే టికెట్టు, ఒకటే వరుస. ఎవరు ముందు వస్తే వాళ్ళు ముందు ఎక్కుతారు. సెలవురోజు సాయంత్రం అక్కడా అరగంట నిలబడాలి, కాని ఆ అరగంటలో ఎవరి మీదా ఎవరికీ కోపం రాదు. థీమ్ పార్కు వరుసలో నా కళ్ళ ముందే రెండుసార్లు గొడవ జరిగింది. రెండుసార్లూ మాటలు పడింది గొలుసు పట్టుకొన్న పాతికేళ్ళ కుర్రవాడే. పాసు ధర నిర్ణయించినవాళ్ళెవరూ ఆ ఎండలో లేరు. పాసు దారిలో వెళ్తున్న మమ్మల్ని చూసి ఒక పెద్దాయన, "మావి డబ్బులు కావేటండీ?" అని అడిగారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

పార్కు గురించి న్యాయంగా చెప్పవలసినవి కూడా ఉన్నాయి. శుభ్రత చాలా బాగుంది. బెల్టులు, లాకులు ప్రతిసారీ చేత్తో లాగి చూశాకనే రైడ్ కదిలించారు. తాగునీరు ఉచితంగా, చల్లగా అన్ని చోట్లా దొరికింది. అలల కొలనుకు వరుస లేదు, పాసు లేదు. ఏడుగురం కలిసి ఆ రోజు హాయిగా గడిపింది అక్కడ గడిపిన గంటన్నరే. పార్కుకు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. పాసుకు ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. ఆ ఒకటి కూడా, సాయంత్రం ఐదు తరువాత మిగిలిన రెండు రైడ్లను పదేసి నిమిషాల్లో ఎక్కగలిగినందుకు. అప్పటికి జనం తగ్గి మామూలు వరుస కూడా పావుగంటకు మించి లేదు కనుక, అది పాసు గొప్పతనం అనడానికీ వీల్లేదు.

ఇక్కడి నుంచి వెళ్ళాలనుకొనేవాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్ళండి. శని, ఆదివారాల్లో ఆదా అయ్యే ఒక్క రోజు సెలవు కంటే పాసు ఖర్చే ఎక్కువవుతుంది. గేటు తెరిచే వేళకు అక్కడ ఉండి, అందరికంటే ముందు నేరుగా పెద్ద కోస్టర్ దగ్గరకు నడవండి. మొదటి గంటలో వరుస తక్కువగా ఉంటుంది, ఫొటోలు తరువాత తీసుకోవచ్చు. బోర్డు మీద రాసిన సమయాన్ని నమ్మకుండా, వరుస చివర నిలబడి రెండు మూడు రైళ్ళలో మామూలు వరుస నుంచి ఎంతమంది ఎక్కుతున్నారో చూడండి. మీకు పట్టే సమయం మీరే కట్టుకోవచ్చు. పిల్లల ఎత్తు ఇంటి దగ్గరే కొలిచి, ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో పార్కు వెబ్‌సైటులో చూసుకొని వెళ్ళండి. అంతా చూసుకొన్న తరువాత కూడా పాసు కొనాలనిపిస్తే, ఇంటిల్లిపాదికీ కొనండి, లేదా ఎవరికీ కొనకండి. మేము చేసినట్టు కొందరికి కొని కొందరిని ఎండలో వదిలి వెళ్ళడం కంటే, అందరం ఒకే వరుసలో నిలబడి కబుర్లు చెప్పుకోవడమే నయమని మా ఇంట్లో ఏడుగురం ఒప్పుకున్నాము.

మా ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో కూడా రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. ఇంటికి వచ్చిన మూడో రోజున పార్కు యాజమాన్యానికి ఉత్తరం రాశాను. పాసు ధర 1,200, రైడ్లు ఎనిమిది, అంటే రైడ్‌కు 150 రూపాయలు. మేనల్లుడు ఎక్కడానికి వీల్లేని మూడింటికి 450, మూసివేసిన ఊయలకు నలుగురి తరఫున 600, మొత్తం 1,050 రూపాయలు తిరిగి ఇవ్వాలని అడిగాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును రసీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుందని కూడా అందులో గుర్తు చేశాను. ఇరవై నాలుగో రోజున, ఎత్తు విషయంలో కౌంటర్ వాళ్ళు ముందే చెప్పి ఉండవలసిందని ఒప్పుకుంటూ 450 రూపాయలు నా ఖాతాలో వేశారు. మూసివేసిన రైడ్‌కు మాత్రం డబ్బుకు బదులుగా, మూడు నెలల్లోగా మళ్ళీ వస్తే వాడుకొనే కూపన్లు నాలుగు పంపారు. శ్రీకాకుళం నుంచి మూడు నెలల్లో మళ్ళీ ఏడుగురం ఎలా వెళ్తామని రాసి, ఆ కూపన్లను తిప్పి పంపాను.

ఆ 600 రూపాయల కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొత్త చట్టం వచ్చిన తరువాత పార్కు ఏ ఊళ్ళో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువుకో సేవకో కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. పాసు కాగితం రెండు వైపులా, పసుపు పట్టీ, రసీదు, మూసి ఉన్న రైడ్ ముందు పెట్టిన బోర్డు, 45 నిమిషాలని రాసిన బోర్డు, వీటన్నిటి ఫొటోలూ మా మేనకోడలు ఆ రోజే సమయం కనిపించేలా తీసి ఉంచింది. నేను రాసిన ప్రతి ఉత్తరానికీ వాటిని జతచేస్తున్నాను. మీరు వెళ్ళినప్పుడు కూడా ఇవన్నీ అక్కడే తీసి పెట్టుకోండి. గేటు దాటి బయటకు వచ్చాక మళ్ళీ దొరకవు.